మొదటి ఇరవై నిమిషాలు

‘రోజూ నడిపే బండి’ ధారావాహిక: తొమ్మిదో వారం

పోయిన వారం నన్ను నేను అర్విల్ టాకెట్ షెడ్డు ముందు, లోపలికి పోవాలా వెనక్కి తిరగాలా అని తటపటాయిస్తుండగా వదిలేశాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా బుద్ధి తెలిసిందే. ఈ వారమే కొత్తగా పేజీ తిప్పినవాళ్ళ కోసం నా పరువు నేనే ఇంకోసారి తీసుకుంటాను.

నా పేరు డేల్ స్కాగ్స్. ఉండేది హేజెల్ పార్క్, పని పక్కనే ఫెర్న్‌డేల్‌లో. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ ఇంటింటికీ ఉత్తరాలు పంచుతున్నాను. కుర్రతనం నుంచీ నాకు ఒకటే కోరిక. అరవై తొమ్మిది నాటి పోంటియాక్ కారు ఒకటి కొనుక్కోవాలి. కొన్నాక దాన్ని దుప్పటి కప్పి దాచుకోవడం కాదు, రోజూ పొద్దున దానిమీదే పనికి పోవాలి. మొన్న ఫిబ్రవరిలో ఒహాయోలో ఒక రైతు కొట్టంలో దొరికింది. ఒళ్ళు గట్టిగానే ఉంది గాని ఇంజను మాత్రం తడికట్టెల పొయ్యిలా పొగలు కక్కింది. ఆ ఇంజను విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ కట్టినవాడు అర్విల్. మా నాన్న హోబర్ట్‌తో కలిసి ముప్ఫై ఏళ్ళు ఒకే ఫ్యాక్టరీలో, పక్కపక్కనే నిలబడి పనిచేసిన మనిషి. నేను నడక నేర్చినప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను.

రోజూ నడిపే బండికి ఏం కావాలో ఆయనకి తెలిసినంత మా చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. పెద్ద రేడియేటరు వేయించాడు. ముందు చక్రాలకి కొత్త బ్రేకులు పెట్టించాడు. ఆగస్టు ఎండలో, వుడ్‌వర్డ్ రోడ్డు మీద, ఎర్ర దీపం దగ్గర పది నిమిషాలు ఇరుక్కున్నా వేడెక్కకూడదని పట్టుబట్టాడు. క్యామ్ దగ్గర మాత్రం మా ఇద్దరికీ మాట పడలేదు. క్యామ్ అంటే ఇంజను పొట్టలో తిరిగే కడ్డీ. దానిమీద పదహారు గుబ్బలుంటాయి. ఒక్కో గుబ్బా ఒక్కో లిఫ్టర్‌ని పైకి తోస్తే వాల్వు తెరుచుకుంటుంది. గుబ్బలు పెద్దవైతే, కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను సాఫీగా తిరగకుండా కుంటుతూ కొట్టుకుంటుంది. మావాళ్ళు ప్రాణం పెట్టేది ఆ కుంటి చప్పుడుకే. ‘చెవుల కోసం బండి కట్టుకోకురా, వీపు నొప్పి పుడుతుంది’ అన్నాడు అర్విల్. నేను వినలేదు. చివరికి ఆయన నడిమి సైజుది వేసి సర్దిచెప్పాడు.

ఇంజను నా గ్యారేజికి పంపించిన రోజున ఒక అట్టముక్క మీద పెన్సిలుతో రాసి, తీగతో స్టీరింగుకి కట్టించాడు. ‘ఇరవై నిమిషాలు. రెండు వేలకి తగ్గొద్దు. ఆపొద్దు. వినొద్దు.’ రెండు వేలంటే ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు. కొత్త క్యామ్‌కి అది ప్రాణసూత్రం. కింద తిరిగే క్రాంక్ అనే పెద్ద ఇరుసు నూనె చిమ్మితేనే దాని గుబ్బలకి అందుతుంది. ఇంజను జోరుగా తిరిగితేనే చిమ్ముతుంది. మొదటి ఇరవై నిమిషాల్లో గుబ్బా లిఫ్టరూ ఒకదానికొకటి ఒరుసుకుని నున్నబడి గట్టిపడాలి. ఆలోగా జోరు తగ్గించి ఐడిల్‌లో, అంటే ఆగి ఉన్నప్పటి మెల్లని వేగంలో, పెడితే ఇనుము ఇనుమును తినేస్తుంది. కార్ల పిచ్చి ఉన్న ఏ వీధిలో ఎవరిని లేపి అడిగినా ఈ మాట చెబుతారు.

నాకూ తెలుసు. తెలిసే చేశాను. మే ఆఖరి సోమవారం, సెలవు రోజు. వీధంతా మాంసం కాలుస్తున్న వాసన. నేను ఇంజను మొదలుపెట్టగానే ఇరుగుపొరుగు నా వాకిట్లో గుమిగూడారు. ఆరు నిమిషాలు అయ్యేసరికి ఎవరో ‘ఒక్కసారి తగ్గించవయ్యా, అసలు పాట వినిపించు’ అన్నారు. నేను తగ్గించాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా భార్య రొవీనా తన ఫోన్‌లో తీసింది కాబట్టి ఎంతసేపో కచ్చితంగా తెలుసు. నూట పది సెకన్లు.

మూడు వారాల తరవాత ఇంజనులో టిక్కుటిక్కుమని మొదలైంది. శనివారం పొద్దున కార్లవాళ్ళందరం డోనట్ల దుకాణం ముందు చేరతాం. అక్కడ లొనీ ప్రెవిట్ నా బోనెట్ మీద చెవి పెట్టి ‘ఏంట్రా ఇది, కొత్త ఇంజనుకి దగ్గొచ్చిందా?’ అన్నాడు. పదిమంది నవ్వారు. అప్పుడు నేనన్న మాట ఇది: ‘అర్విల్‌కి మార్చిలో కంటి ఆపరేషన్ అయింది కదా. పాపం, ఇంకా సరిగ్గా ఆనడం లేదనుకుంటా.’

అందులో పాపం అన్న మాటని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నెల తిరక్కుండా ముగ్గురు తమ ఇంజన్లు అర్విల్ షెడ్డు నుంచి వెనక్కి తీసుకుపోయారు. నాలుగోవాడు లొనీ. అర్విల్ ఊరుకోలేదు. డేల్ బండి నీ కళ్ళముందే విప్పుతాను, చూసి అప్పుడు నీ ఇంజను పట్టుకుపో అన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. నేను శుక్రవారమే కారు వదిలి వచ్చాను. శనివారం పది గంటలకి రొవీనా నన్ను షెడ్డు ముందు దింపింది.

ఇక్కడిదాకా పాత కథ.

*

రొవీనా ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి రోడ్డు చూస్తూ మాట్లాడింది.

“ఆ వీడియో నా ఫోన్‌లోనే ఉంది. తీసెయ్యమని రాత్రి నువ్వు అడిగావు. తియ్యలేదు.”

“నేను అడిగింది వేరే అర్థంలో.”

“ఏ అర్థంలో?”

నా దగ్గర రెండో అర్థం లేదు. తలుపు తీశాను.

“నేను ఎవరికీ చూపించను డేల్. చూపిస్తే నీకు పని తేలికైపోతుంది. నీ నోటితో చెప్పు,” అంది. “ఒంటిగంటకి వస్తాను. ఆకలేస్తే తిను, సంచిలో మొక్కజొన్న రొట్టె పెట్టాను. ఆయనకి కూడా ఉంది.”

ఆయనకి కూడా ఉంది అన్న మాటకి నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరిమీదో నాకే తెలియలేదు. సిగ్గుపడాల్సిన చోట ముందు కోపం రావడం నా అలవాటు. కారు తలుపు కాస్త గట్టిగానే వేశాను.

లోపల లొనీ అప్పటికే వచ్చి ఉన్నాడు. వాడి ట్రక్కు వెనక్కి తిరిగి, సగం షెడ్డులోకి దూరి ఉంది. చనిపోయిన వాళ్ళ నాన్న రేసుల్లో తిప్పిన ఇంజను గొలుసుకి వేలాడుతోంది. లొనీది నా వయసే, యాభై దాటింది. కలిసి చదువుకున్నాం. చెడ్డవాడు కాదు. ఒక మాట చెవిన పడితే దాన్ని ఇంకో నలుగురికి చేర్చేదాకా నిద్రపట్టదు, అంతే.

“రారా, నీకోసమే ఆగాం,” అన్నాడు.

అర్విల్ నా కారు ముందు ఎత్తు పీట మీద నిలబడి ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఎప్పుడూ చిన్న ఒళ్ళే, ఈమధ్య ఇంకాస్త చిక్కాడు. శుక్రవారం సాయంత్రమే నీళ్ళు దించి, కార్బ్యురేటరు, దాని కింది భాగాలు అన్నీ తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. ఇక మిగిలింది ఒక్క రేకు మూత. దాని కిందే లిఫ్టర్లు.

“కాఫీ ఉంది, పోసుకో,” అన్నాడు నాతో. “మీ నాన్న కప్పు కొక్కేనికే ఉంది.”

పోసుకోలేదు. ఆ కప్పు ముట్టుకునే మొహం నాకు లేదు.

అర్విల్ రేకు మూత లేపాడు. ఒక తెల్ల తువాలు బోనెట్ పక్కన పరిచాడు. వేళ్ళతో ఒక్కో లిఫ్టరూ పైకి లాగి, తుడిచి, అడుగు పైకి ఉండేలా తువాలు మీద వరసగా పెట్టసాగాడు. మనిషి బొటనవేలంత ఉంటాయి. కొత్తప్పుడు వాటి అడుగు కంటికి కనపడనంత ఉబ్బుగా ఉంటుంది. రెండింటి అడుగులూ ఆనిస్తే కాస్త ఊగుతాయి. ఊగాయంటే మంచివి.

మొదటివి రెండూ లొనీ చేతికిచ్చి, “ఆనించి చూడు,” అన్నాడు.

లొనీ ఆనించాడు. ఊగాయి.

“ఇవి బాగానే ఉన్నాయిగా.”

“ఉన్నాయి. ఇప్పుడు ఇది చూడు.” అర్విల్ అయిదోదాన్ని ఇచ్చాడు. “గోరుతో గీకు. కళ్ళతో పనిలేదు.”

లొనీ గోరు పెట్టగానే అది లోపలికి జారింది. అడుగు సొట్టపడి, చిన్న గిన్నెలా తయారైంది. వాడు ఈల వేశాడు. పదహారూ బయటికి వచ్చేసరికి తువాలు మీద తొమ్మిది మంచివి, ఏడు పాడైనవి తేలాయి. పాడైన లిఫ్టర్ల కింద క్యామ్ గుబ్బలు కూడా అరిగిపోయి ఉంటాయి. ఆ ఇనుము రజనంతా నూనెలో కలిసి ఇంజనంతా తిరిగి ఉంటుంది. అంటే మొత్తం మళ్ళీ విప్పాలి.

నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఒక్కో లిఫ్టరూ తువాలు మీద పెడుతుంటే నాకు ఒళ్ళు ముడుచుకుపోతోంది. అది నా పనే అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? తువాలు మడత సరిచేస్తూ నిలబడ్డాను.

“ఏంటి దీని అర్థం పెద్దాయనా?” అన్నాడు లొనీ.

“అర్థాలు నాలుగైదు ఉంటాయి. నూనె మంచిది కాకపోయినా ఇలాగే అవుతుంది. నూనె నేనే ఇచ్చాను, మంచిదే. క్యామ్ ఇనుము నాసిరకమైతే అవుతుంది. అది పాతదాన్ని నేనే చూసి చూసి ఏరి సానపట్టించింది. వాల్వు స్ప్రింగులు మరీ బిగువుగా పెట్టినా అవుతుంది. అవి కూడా నేనే పెట్టాను.” ఆగాడు. “ఇంకొకటి, మొదటి ఇరవై నిమిషాలు సరిగ్గా నడపకపోయినా అవుతుంది.”

అర్విల్ పీట దిగి, చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. అనుమానంతో అడగలేదు. వైద్యుడు ఏం తిన్నావని అడిగినట్టు మామూలుగా అడిగాడు.

“ఆ ఇరవై నిమిషాలూ నడిపావు కదరా డేల్?”

లొనీ నా మొహంలోకి చూస్తున్నాడు. వీడి ముందు ఒప్పుకుంటే మధ్యాహ్నానికల్లా మా ఊరి తొమ్మిదో మైలు రోడ్డు పొడుగునా తెలిసిపోతుంది. తప్పు చేసి ముసలాయన మీద తోశాడని అందరూ అంటారు. వచ్చే శనివారం ఆ డోనట్ల దుకాణం ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంత ఆలోచన ఒక్క క్షణంలో వచ్చింది. అర్విల్ గురించి మాత్రం ఆ క్షణంలో ఒక్క ముక్క కూడా ఆలోచించలేదు. రాయాలంటే చెయ్యి ఆడటం లేదు గాని అదే నిజం.

“నడిపాను బాబాయ్,” అన్నాను.

“రెండు వేలకి తగ్గకుండా?”

“తగ్గకుండా.”

అర్విల్ తల ఊపాడు. లొనీ వైపు తిరిగాడు.

“అయితే తప్పు నాదే,” అన్నాడు.

లొనీ ఇంత తొందరగా ఈ మాట వస్తుందనుకోలేదు. కాస్త కంగారు పడ్డాడు. “అబ్బే, అలాగని కాదు, ఇలాంటివి జరుగుతుంటాయి...”

“జరగకూడదు. హోబర్ట్ కొడుకు నడిపానన్నాడంటే నడిపినట్టే. ఇక మిగిలింది నేను చేసిన పని. స్ప్రింగులు కొలిచేటప్పుడు ఎక్కడో పొరబడి ఉంటాను.” గొలుసుకి వేలాడుతున్న ఇంజను చూపించాడు. “మీ నాన్నది పట్టుకుపో. నేనే ఎక్కిస్తాను పద.”

ఇద్దరూ కలిసి గొలుసు లాగి ఇంజనును ట్రక్కులోకి దించారు. నేను కూడా ఒక చెయ్యి వేశాను. వెయ్యకుండా నిలబడితే బాగోదని వేశాను. అబద్ధం ఆడిన అయిదు నిమిషాలకి మర్యాద గుర్తుకొచ్చింది నాకు. అర్విల్ ఇంజను మీద గోతపట్టా కప్పి, నాలుగు మూలలా తాడు ముడివేసి, “గుంతలున్న చోట మెల్లగా పోనీ,” అన్నాడు.

లొనీ ట్రక్కు ఎక్కుతూ నన్ను దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించి, “నువ్వు చెప్పకపోతే మా నాన్న ఇంజను కూడా నాశనమయ్యేదిరా,” అన్నాడు. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. తట్టిన చోట చాలాసేపు మంటపెట్టినట్టే ఉంది.

*

అక్కడితో అయిపోతుందనుకున్నాను. లొనీ పోయాడు కాబట్టి ఇప్పుడు నెమ్మదిగా, ఇద్దరమే ఉన్నప్పుడు, రొట్టె తింటూ చెప్పేయొచ్చు అనుకున్నాను. చూశారా నా తెలివి. ఆయనకి నలుగురి ముందు పోయిన పరువును నాలుగు గోడల మధ్య తిరిగి ఇద్దామనుకున్నాను.

అర్విల్ రొట్టె ముట్టుకోలేదు. బల్ల సొరుగు లాగి, నూనె మరకల పుస్తకం ఒకటి తీశాడు. పేజీలు తిప్పి, ఫోన్ బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. ఇంజన్ల మోతలో ఏళ్ళ తరబడి బతికినందుకు ఆయన చెవులు మందం. ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

“ఎవరికి బాబాయ్?”

“ఈ వసంతం మొదలైనప్పటినుంచి నేను కట్టినవాళ్ళందరికీ. అందరికీ స్ప్రింగులు ఒకే పనిముట్టుతో కొలిచాను. నీది పాడైందంటే వాళ్ళవీ పాడవుతాయి. ఇంకా పాడవకపోతే ఆ దారిలో ఉన్నాయి. నడపొద్దని చెప్పాలి.”

“అందరివీ విప్పుతావా?”

“విప్పకపోతే ఎలా? తెలిశాక ఊరుకుంటామా?”

నా అబద్ధం నా బండితో ఆగలేదు. బాగున్న ఇంజన్లన్నీ విప్పించడానికి బయలుదేరింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నా పని మంచిది కాదు అని తనంతట తానే చెప్పుకోబోతున్నాడు.

మొదటివాడు ఎత్తాడు. అర్విల్ చుట్టు తిప్పకుండా చెప్పాడు. “నేను అర్విల్‌ని. నీ ఇంజను కట్టడంలో నేను పొరపాటు చేసి ఉండొచ్చు. బండి కదపొద్దు. సోమవారం వచ్చి నేనే తీసుకుపోతాను.”

అవతల మనిషి అందుకున్నాడు. “విన్నాను అర్విల్. నీ కళ్ళ గురించి అందరూ అంటూనే ఉన్నారు. ఇప్పుడా చెప్పేది? నిన్ననే మా కోడలు పిల్లని ఎక్కించుకుని అంత దూరం వెళ్ళొచ్చింది దానిమీద. దారిలో ఆగిపోతే ఎవరిది పూచీ?”

“నాది.”

“చేతకానప్పుడు మానేయాలయ్యా.”

“నిజమే,” అన్నాడు అర్విల్. పుస్తకంలో ఆ పేరు పక్కన గీత పెట్టాడు. నా వైపు చూసి, “ఈ కళ్ళ మాట ఎక్కడ మొదలైందో నాకు తెలియడం లేదురా. ఆపరేషన్ తరవాత సూదిలో దారం ఎక్కిస్తున్నాను. డాక్టరమ్మ కూడా బ్రహ్మాండంగా ఉందంది. అయినా నేనే సరిగ్గా చూడలేదేమో. అందరూ అంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది,” అన్నాడు.

జనం ఆయన్ని అనుమానించడం ఒక ఎత్తు. ఆయన తన కళ్ళని తానే అనుమానించడం ఇంకో ఎత్తు. బల్ల మీది కొలిచే పనిముట్టు తీసి కిటికీ వెలుగులో ముందుకీ వెనక్కీ పట్టుకుని గీతలు చదువుతున్నాడు. ఒకసారి చదివి, నమ్మక మళ్ళీ చదువుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ చేతుల్లో ఉన్న పనిముట్టు అది.

రెండోది మోగి మోగి ఆగింది. సందేశం వదిలాడు. అదే మాటలు, అదే గొంతు. పొరపాటు నాది, బండి కదపొద్దు, క్షమించు. క్షమించు అన్న మాట మొదటి ఫోన్‌లో లేదు. రెండోదానికి కొత్తగా చేరింది.

మూడో పేరు దగ్గర వేలు ఆగింది. “వెర్నా,” అన్నాడు.

వెర్నా ప్రెవిట్ లొనీ వాళ్ళమ్మ. ఎనభైకి దగ్గర. భర్త పోయినా ఆయన కారు అమ్మలేదు. ఆదివారం చర్చికీ, బుధవారం కూరలకీ దానిమీదే పోతుంది. ఏప్రిల్‌లో అర్విల్ దాని ఇంజను మళ్ళీ కట్టాడు. ఆవిడకి ఇంకో బండి లేదు. ఆవిడ ఇంట్లో బండి ఆగిందంటే ఆవిడ కూడా ఇంట్లో ఆగినట్టే.

“ఈవిడకి చెప్పడం కష్టంరా,” అన్నాడు అర్విల్. అయినా నొక్కాడు. మోగడం మొదలైంది.

“బాబాయ్, ఆ ఫోన్ పెట్టెయ్,” అన్నాను.

“ఉండు, మోగుతోంది.”

“పెట్టెయ్ బాబాయ్. నేను ఐడిల్‌లో పెట్టాను.”

ఆయనకి వినపడలేదేమో అనుకున్నాను. పనిముట్టు మెల్లగా దాని పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఫోన్ మోగుతూనే ఉంది.

“ఎన్ని నిమిషాలయ్యాక?”

“ఆరు.”

“ఎంతసేపు?”

“నూట పది సెకన్లు. రొవీనా ఫోన్‌లో ఉంది.”

“ఎందుకు?”

“వాకిట్లో జనం ఉన్నారు. వింటామన్నారు.”

ఇంతకన్నా ఏమీ లేదు చెప్పడానికి. ఇంతకన్నా పెద్ద కారణం ఒకటి ఉంటే బాగుండుననిపించింది. ప్రమాదమో, భయమో, ఎవరికో ప్రాణం మీదికి రావడమో. ఏదీ లేదు. చప్పట్ల కోసం చేశాను. అది కూడా పక్కింటివాళ్ళ చప్పట్లు.

అర్విల్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మొదట ఫోన్ ఎత్తినవాడి పేరు పక్కన పెట్టిన గీతని వేలితో కాసేపు రుద్దాడు, చెరిగిపోతుందేమో అన్నట్టు. నేను చూడలేక తల దించుకున్నాను.

“హలో?” అంది వెర్నా గొంతు. “అర్విల్, నువ్వేనా?”

అర్విల్ ఫోన్‌ని ఒక్క వేలితో బల్ల మీద నా వైపు తోశాడు.

“నువ్వే చెప్పు,” అన్నాడు నాతో, మెల్లగా. “ముందు ఈవిడకి. తరవాత ఆ ఇద్దరికీ. ఆ తరవాత లొనీకి. ఒక్కరిని కూడా వదలొద్దు.”

నేను బల్ల దగ్గరికి వంగాను. “అమ్మా, నేను డేల్‌ని. డేల్ స్కాగ్స్‌ని.”

“డేలా? ఇప్పుడే నీ మాటే అనుకుంటున్నాం నాయనా. లొనీ వాళ్ళ నాన్న ఇంజను తెచ్చి మా గ్యారేజిలో దించుతున్నాడు. నేను వాణ్ణి తిడుతున్నా. ఉండు, వాడు లోపలికొస్తున్నాడు, వాడికీ వినపడేలా పెడతాను.”

ఏదో గరగరమంది. తలుపు వేసిన చప్పుడు. తరవాత లొనీ గొంతు, దగ్గరగా, ఉత్సాహంగా.

“సమయానికి చేశావురా డేల్. ఈవిడ నా మాట నమ్మడం లేదు. అర్విల్ చేతిలో పెరిగిన ఇంజన్లురా మనవి అంటుంది, ఆయన్నెవరైనా తప్పుపడితే నోరు కడుక్కోమంటుంది. ఆయన కళ్ళ సంగతి మొదట బయటపెట్టింది నువ్వే కదా. ఆ శనివారం డోనట్ల దుకాణం ముందు నాతో ఏమన్నావో, అదే ముక్క మా అమ్మకి చెప్పు.”

అర్విల్ తలెత్తి నా వైపు చూశాడు. ఐడిల్ సంగతి ఒప్పుకున్నాను గాని, ఈ సంగతి ఆయనకి నేనింకా చెప్పలేదు.

“చెప్పు నాయనా,” అంది వెర్నా. “అర్విల్ గురించి ఏమన్నావు?”